పుట్టింటికి వచ్చిన పిలకలు

నాగులమ్మకు భూమి ఉండేది. పట్టా లేదు, శిస్తు లేదు, ఏ పటేలు లెక్కలోనూ ఆమె పేరు లేదు. అయినా భూమి ఉండేది. పొడుగు రెండు వందల అడుగులు. వెడల్పు మాత్రం ఒక బర్రె అడ్డంగా పడుకుంటే తోక బయటకు వేలాడేంత. మహబూబ్‌నగర్ దాటి దక్షిణానికి పోయే చిన్న రైలు లైను మీద తంగెడుకుంట అని ఒక స్టేషన్ ఉండేది. ఆ స్టేషన్ ప్లాట్‌ఫారం వెనక, కంచెకూ నడిచే దారికీ నడుమ ఉన్న మట్టి పట్టీయే ఆ భూమి. రైల్వే కాగితాల్లో దాని పేరు బోర్డర్. నాగులమ్మ నోట పూలగట్టు.

ఆమె పుట్టిన ఇంట్లో గానీ మెట్టిన ఇంట్లో గానీ ఎవరికీ ఒక గుంట భూమి ఉన్నది లేదు. తాతలందరూ ఇంకొకరి చేలలో వంగిన వాళ్లే. అందుకేనేమో ఆ గట్టు జోలికి వస్తే ఆమె ఎవరినీ వదిలేది కాదు. ఒకసారి ఫస్ట్ క్లాసు పెట్టెలోంచి దిగిన ఒక పెద్దమనిషి తమలపాకు నమిలి గట్టు మీద ఉమ్మితే, "నీ ఇంట్ల అన్నం గిన్నెల గూడ గిట్లనే ఉమ్ముతవా అయ్యా?" అని అడిగింది. ఆ పెద్దమనిషి మళ్లీ జన్మలో తంగెడుకుంటలో దిగలేదట. ఇది ఆమె చెప్పిన మాటే. ఆమె చెప్పే ముచ్చట్లలో పెద్దమనుషులందరూ ఆమె చేతిలో ఓడి వెళ్లిపోయిన వాళ్లే. నమ్మని మనవలకు ఆ పూట రొట్టె మీద నెయ్యి పడేది కాదు.

ఆమెది ఎండాకాలపు కొలువు. హోళీ పోయాక రైల్వే వాళ్లు పిలిచి ప్లాట్‌ఫారం మీద నీళ్లు చల్లే పని, చెట్లకు నీళ్లు పోసే పని ఇచ్చేవారు. మొదటి వాన పడగానే బిందెలు తీసుకొని "ఇంక పో" అనేవారు. ఆమె బిందెలు ఇచ్చేసేది గాని పోయేది కాదు. గట్టు మీద కలుపు తీస్తూ, మట్టి ఎగదోస్తూ ఏడాది పొడుగునా అక్కడే ఉండేది. మొగుడు బక్కయ్య ఆ లైను మీదే గ్యాంగు మనిషి. భుజాన సుత్తె వేసుకొని రోజూ మూడు మైళ్లు పట్టాల వెంట నడిచి, వదులైన చీలలు బిగించి రావడం అతని పని. సాయంత్రం వచ్చేటప్పుడు దూరం నుంచే కేక వేసేవాడు: "ఓ పట్టాదారూ! పంట ఎట్లున్నది? పుట్లు ఎన్ని?"

"నీ సుత్తెతోటి నీ నోటికి రెండు చీలలు కొట్టుకోరాదు?" అనేది ఆమె, కలుపు మీంచి తల ఎత్తకుండా.

మొక్కల విద్య ఆమెకు పసుపు మడిలో వచ్చింది. పెళ్లి కాకముందు ఊళ్లో ఒక ఆసామి పసుపు తోటకు కూలికి పోయేది. విత్తనపు పసుపును ముక్కలు చేసే పని. ముక్కకొక కన్ను ఉండాలి. కన్ను లేని ముక్క భూమిలో కుళ్లిపోతుంది, కన్ను ఉన్న ముక్క మొక్క అవుతుంది. ఆమె చదివిన బడి అంతే.

గట్టు మీద ఆమె పెంచింది ఒకటే రకం. పాత కాలంలో ఏ స్టేషన్ మాస్టరో తెచ్చి నాటిన మొక్క. ఆకు అరటాకు లాగే ఉంటుంది, కాకపోతే చిన్నది. నడుమ నుంచి నిలువుగా కాడ లేచి, కొసన పుంజు జుట్టంత ఎర్రగా పూస్తుంది. మాస్టర్లు కేనా అనేవారు. బడి పుస్తకాల్లో మెట్టతామర. నాగులమ్మ పూల అరటి అంది, తంగెడుకుంటలో ఆ పేరే నిలిచింది. అది భూమిలోని గడ్డతో ఏళ్ల తరబడి బతికే మొక్క. ఏటేటా పక్కలకు పిలకలు వేసి గుబురవుతుంది. ముట్టుకోకుండా వదిలేస్తే గడ్డ మీద గడ్డ ఎక్కి, ఒకదాన్నొకటి తొక్కుకొని, పూలు తగ్గిపోతాయి. అప్పుడు తవ్వి, విడదీసి, ఎడంగా నాటాలి. ఈ పనికి నాగులమ్మ పెట్టుకున్న పేరు బిడ్డలను అత్తగారింటికి తోలుడు.

ఆ పేరు ఊరికే పెట్టలేదు. గట్టు నిండాక మిగిలిన పిలకలను ఆమె లైను పొడుగునా గేట్ల దగ్గర కాపురముండే గేటుమన్ల భార్యలకు ఇచ్చేది. దానికొక పద్ధతి ఉంది. పిలకను చేతికి ఇవ్వదు. తీసుకునే మనిషి కొంగు పట్టాలి. ఆ కొంగులో పిలక పెట్టి, దాని వేళ్ల మీద గట్టు మట్టి రెండు దోసిళ్లు పోసేది, ఆడపిల్లకు ఒడిబియ్యం పోసినట్టు. "పుట్టింటి మన్ను లేకుంటే కొత్త జాగల బెంగటిల్లుతది" అని ఆమె వాదన. తీసుకున్న మనిషి కూడా ఒట్టిగా పోకూడదు. పిడికెడు జొన్నలో, నాలుగు ఎండుమిరపకాయలో నాగులమ్మ కొంగులో వేసి పోవాలి.

"ఏం సంబంధాలే ఇవి! గడ్డిపోచకు గూడ పెండ్లి జేస్తవు నువ్వు," అని బక్కయ్య నవ్వేవాడు. మిరపకాయల పచ్చడి మాత్రం రెండుసార్లు వేయించుకొని తినేవాడు.

ఇలా ఆరేళ్లలో తంగెడుకుంటకు అటు నాలుగు గేట్లకూ ఇటు మూడు గేట్లకూ ఆమె పిలకలు కాపురానికి పోయాయి.

పంతొమ్మిది వందల అరవయ్యో సంవత్సరం ఎండాకాలం పూలగట్టును మింగేసింది. స్టేషన్ బావి అడుగంటింది. ఉన్న నీళ్లు ఇంజన్లకే చాలవు, చెట్లకు ఒక్క చుక్క కూడా పోయవద్దని పైనుంచి హుకుం వచ్చింది. ఎండిన ఆకుల్ని మేకలు తిన్నాయి, బయటపడ్డ గడ్డల్ని పందులు తవ్వుకుపోయాయి. మృగశిర వచ్చేసరికి రెండు వందల అడుగుల్లో బతికి ఉన్నది ఒక్క గుబురు. అది గట్టు కొసన, ఇంజన్లకు నీళ్లు పట్టే గొట్టం కింద, కారిన చుక్కలు తాగి బతికింది. ఎన్నో ఏళ్లుగా దాన్ని ఎవరూ తవ్వలేదు. గడ్డివామంత అయింది గాని, పూసింది మాత్రం నాలుగే కాడలు.

అప్పుడే గుంటూరు వైపు నుంచి కొత్త స్టేషన్ మాస్టరు బదిలీ మీద వచ్చాడు. పేరు దశరథం. వెంట తల్లి హనుమాయమ్మ తప్ప ఎవరూ లేరు. మనిషి చెడ్డవాడు కాదు, కాగితం అంటే భయపడేవాడు. జూన్ చివర అలాంటి కాగితం ఒకటి వచ్చింది. చేత్తో పట్టుకొని గట్టు దగ్గరకు వచ్చాడు.

"నాగులమ్మా, దసరా వెళ్లాక పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నారు. బోర్డరు నిండుగా ఉంటే ఈ స్టేషన్‌కి పర్మనెంటు మాలి పోస్టు ఇస్తారంట. లేకపోతే మట్టి తీసేసి కంకర పోసి, సున్నం కొట్టిన రాళ్లు పేర్చేయమన్నారు."

నాగులమ్మ చేతిలో కలుపు తవ్వే తొలిక ఆగిపోయింది. "మాలి కొలువంటే? ఏడాదంతనా?"

"ఏడాదంతా, ముసలయ్యేదాకా. నీ పేరే రాసి పంపుతాను. కానీ ఏముంది ఇక్కడ చూపించడానికి? కంకర పోస్తే నీకూ హాయే కదా, నీళ్లు మోసే బాధ తప్పుతుంది."

"నా నోట్ల గూడ పొయ్యిండ్రి సారూ జర. అన్నం తినే బాధ గూడ తప్పుతది."

దశరథం కాగితం మడుచుకొని వెళ్లిపోయాడు. నాగులమ్మ ఆ రోజు మూరతో గట్టు కొలిచింది. మూరకొక పిలక నాటితే ఆరు ఇరవైలు, పైన పదమూడు కావాలి. ఆమె లెక్క ఎప్పుడూ ఇరవైల్లోనే. తర్వాత గొట్టం కిందికి పోయి ఆ గుబురు చుట్టూ మూడుసార్లు తిరిగింది.

మంచి వాన పడి నేల మెత్తబడిన మర్నాడు పొద్దున దశరథం ఆఫీసు గదిలోంచి బయటకు వచ్చి చూస్తే, బతికి ఉన్న ఆ ఒక్క గుబురు కూడా వేళ్లతో సహా పైకి లేచి నేల మీద ఉంది. నాగులమ్మ దాని మీద మోకాలు వేసి కొడవలితో కోస్తోంది.

"అయ్యయ్యో! ఏంటిది? ఉన్నదే ఒక్కటి! దాన్నీ చంపేశావా?"

"సంపుతలేను సారూ. పురుడు పోస్తున్న."

"పెద్దాఫీసరు వస్తే ఈ గొయ్యి చూపించనా?"

"ఒక్క చెట్టును జూడనీకె గంత దూరం నుంచి రైలేసుకొని వస్తడా సారూ? జర పక్కకు నిలబడుండ్రి, వెలుతురు ఆపుతున్నరు."

ఆమె ఒక్కో గడ్డను చేత్తో తడిమి, కన్ను ఎక్కడుందో చూసి, దాని వెనక కోసేది. ముక్కకు రెండు కన్నులు ఉండేలా చూసేది. కాడను జానెడు ఉంచి ఆకులు తెగ్గోసేది. కోసిన చోట పొయ్యిలో బూడిద అద్దేది. నడుమ ఉన్న పాత గడ్డలు బెండు బారి పనికిరాకుండా ఉన్నాయి, వాటిని పక్కన పడేసింది. మధ్యాహ్నం ప్యాసింజరు వచ్చేసరికి ఆరు ఇరవైల పది పిలకలు తేలాయి. మూడు తక్కువ. "మూడు జాగల జర ఎడం బెడితె సరి," అనుకొని నడుం పట్టుకొని లేచింది.

కోసిన గాయం ఆరకుండా నాటితే గడ్డ కుళ్లుతుంది. రెండు రోజులు నీడలో ఆరాలి. బయట వాన. స్టేషన్ మొత్తంలో వాన పడని, గాలి ఆడే నీడ ఒక్కటే, స్టేషన్ మాస్టరు క్వార్టరు వెనక వసారా. నాగులమ్మ లావు పిలకలు ఒక గంపలో, సన్నవి ఒక గంపలో పేర్చి, అక్కడ పెట్టి ఇంటికి పోయింది. ఎవరికైనా చెప్పాలని ఆమెకు తోచలేదు. ఆ వసారాలో వస్తువు పెడితే ఎవరైనా ముట్టుకుంటారని కలలో కూడా అనుకోలేదు.

హనుమాయమ్మకు ఈ ఊరు వచ్చిన నాటి నుంచి ఒకటే దిగులు. కూరగాయలు దొరకవు. తోటకూర, వంకాయ, మళ్లీ తోటకూర. మర్నాడు తలుపు తీసేసరికి వసారాలో రెండు గంపలు. వాటి నిండా బూడిద పూసిన దుంపలు. ఆమె కళ్లు చెమర్చాయి.

"ఒరేయ్ దశరథం, ఆ నాగులమ్మది నోరు గట్టిదే గాని మనసు వెన్నరా. నేను కూరల్లేవని ఏడుస్తుంటే గంపెడు చేమదుంపలు పెట్టి వెళ్లింది చూడు!"

దశరథం అప్పుడే వచ్చిన గూడ్సుబండి హడావుడిలో ఉన్నాడు. "అలాగా, పులుసు పెట్టు," అని వెళ్లిపోయాడు.

హనుమాయమ్మ లావు దుంపల గంపే తీసుకుంది. కన్నులున్న కొనలన్నీ చెక్కేసి, ఉడకబెట్టింది. దుంప మెత్తబడలేదు. రెండు బండ్లు వచ్చి పోయాయి. కట్టెలు అయిపోయాయి. చింతపండు పోసి, బెల్లం వేసి, ఇంగువ పోపు పెట్టింది. మూడు గంటలకు కొడుకు అన్నానికి కూర్చుని ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. ఈ దవడకూ ఆ దవడకూ మార్చి నమిలాడు.

"అమ్మా, ఇది పులుసులో దుంపా? పులుసులో నానేసిన తాడా?"

"తెలంగాణా చేమ కదరా, కాస్త పీచు ఉంటుందేమో," అంది ఆమె. ఆ గంపలో మిగిలినవాటిని వృథా చేయడం ఎందుకని చక్రాల్లా తరిగి, ఉప్పూ కారం పట్టించి, వరుగులు పెట్టింది. వాన తెరపి ఇవ్వగానే పాత పంచె మీద ఎండబెట్టింది.

నాగులమ్మ నాటడానికి వచ్చినప్పుడు మొదట చూసింది ఆ పంచెనే.

ఆమె నోట మాట రాకపోవడం ఆమె జీవితంలో రెండుసార్లు జరిగిందని బక్కయ్య చెప్పేవాడు. ఒకటి పెళ్లినాడు, రెండోది ఇది. మొదటిది అబద్ధమే అయి ఉంటుంది.

"బాగున్నాయే నాగులమ్మా నీ చేమదుంపలు," అంటూ హనుమాయమ్మ గుమ్మంలోకి వచ్చింది. "కాస్త ఉడకవు గాని..."

"పెద్దమ్మా," అంది నాగులమ్మ. "అవి చామగడ్డలు కావు. నా పూలగట్టు అవి. నువ్వు నా గట్టును వండినవు."

సంగతి తెలిసేసరికి హనుమాయమ్మ అక్కడే గడప మీద కూలబడింది. దశరథం పరుగున వచ్చాడు, తల్లి ముఖం చూశాడు, పంచె చూశాడు, తన కడుపు మీద చెయ్యి వేసుకున్నాడు. మిగిలింది సన్నపిలకల గంప. మూడు ఇరవైలు. ఇంకా డెబ్బై మూడు తక్కువ.

"పోనీ సగానికి నాటు. మిగతా సగం కంకర పోయిద్దాం," అన్నాడు నెమ్మదిగా.

"సగం తల గొరిగించుకొని పెండ్లికి వోతరా సారూ?"

అంతలో పొద్దుటి ప్యాసింజరు వచ్చి ఆగింది. మూడో పెట్టెలోంచి ఒక కొత్త పెళ్లికూతురు దిగింది. కాళ్లకు పసుపు ఇంకా పోలేదు. తండ్రి వెనకాల, ఒడి నిండా ఏదో మూట కట్టుకొని, మొహమంతా నవ్వుతో గబగబా నడుస్తోంది. ఆషాఢం వచ్చింది. కొత్త కోడళ్లు అత్తగారి గడప దాటి పుట్టింటికి చేరే నెల.

నాగులమ్మ ఆ పిల్లను కంచె దాటేదాకా చూసింది. తర్వాత గట్టును చూసింది. కొంగు దులిపి లేచింది.

"పెద్దమ్మా, ఏడ్వకు. నా బిడ్డలు ఇంక ఉన్నరు. ఏడు ఊర్లల్ల కాపురాలు జేస్తున్నరు."

ఆ రోజు బక్కయ్య సుత్తెతో బయలుదేరేటప్పుడు ఆమె కబురు చెప్పి పంపింది. పట్టాల మీద నడిచే మనిషికి తన మూడు మైళ్ల కొసన అవతలి నుంచి నడిచి వచ్చే మనిషి ఎదురవుతాడు. ఇద్దరూ ఒక బీడీ కాల్చుకొని వెనక్కి తిరుగుతారు. కబురు ఆ బీడీతో పాటు చేతులు మారింది. అటు నుంచి ఇంకొకరికి, అక్కడి నుంచి ఇంకొకరికి. రెండు రోజుల్లో ఏడు గేట్లకూ చేరింది. కబురులో గడ్డ అన్న మాట గానీ పిలక అన్న మాట గానీ లేదు. "ఆషాఢం వచ్చింది, నాగులమ్మ బిడ్డలను పుట్టింటికి తోలాలె" అని మాత్రమే. బక్కయ్యకు ఆ మాట చెప్పడానికి సిగ్గేసిందట. కానీ విన్న ఏ గేటు ఆడమనిషీ అదేంటని అడగలేదు.

మూడో రోజు ప్యాసింజరు బండి గార్డు ఎల్లేశం తన పెట్టె తలుపు తీసి, ఒక చీరముక్క మూట కిందికి దించాడు. "నాగులమ్మా, నీ బిడ్డ వచ్చింది. దారిపొడుగునా ఏడ్వలేదు, మంచిగ పండుకున్నది."

మూట విప్పితే తొమ్మిది కన్నులున్న గడ్డ, మన్నుతో సహా. పక్కన చిన్న మూటలో జొన్నలు, బెల్లం ముక్క, పసుపుకొమ్ము. కోడలిని ఒట్టి ఒడితో పంపకూడదు కదా. మధ్యాహ్నపు బండికి ఇంకొకటి. మర్నాడు రెండు. ఎల్లేశం పెట్టె చూసి ఒక టికెట్ కలెక్టరు, "ఇవేంటి, లగేజీ కట్టారా?" అని అడిగితే, "ఆడపిల్లకు లగేజేంది సారూ?" అన్నాడట.

హనుమాయమ్మ పొద్దున్నే స్నానం చేసి ప్లాట్‌ఫారం మీదకు వచ్చి కూర్చునేది. మొదటి రోజు దూరంగా, బెంచీ మీద. రెండో రోజు దగ్గరగా. మూడో రోజు మూట దిగగానే ఆమే లేచి కొంగు పట్టింది. ఇంట్లోంచి బూడిద తెచ్చింది. ఏ ముక్కకు కన్ను ఎక్కడుందో నాగులమ్మతో పోటీ పడి వెతికేది.

"ఇదిగో ఇక్కడుందే కన్ను!"

"అది కన్ను కాదు పెద్దమ్మా, దెబ్బ. నువ్వు గిట్లనే సూసి వండినవు."

"ఎన్నాళ్లు ఎత్తిపొడుస్తావే?"

"నేను సచ్చేదాకనే. ఎక్కువ రోజులు లెవ్వు."

ఆ మాట తర్వాత నాగులమ్మ ముప్పై నాలుగేళ్లు బతికింది.

ఆరు గేట్లు పంపాయి. ఇంకా పద్దెనిమిది తక్కువ. మిగిలింది ఈదమ్మ గేటు. ఈదమ్మకూ నాగులమ్మకూ రెండేళ్లుగా మాటలు లేవు. ఒక కోడిపెట్ట విషయంలో చెడింది. పెట్ట ఎవరిదో దేవుడికే తెలుసు, కూర మాత్రం ఈదమ్మ ఇంట్లో అయింది. కానీ లైను మొత్తంలో ఈదమ్మ గేటు దగ్గరున్నంత గుబురు ఎక్కడా లేదని పోయే వచ్చే డ్రైవర్లందరూ చెప్పేవారు. నాలుగు రోజులు గడిచాయి. ఎల్లేశం బండి దిగి ఒట్టి చేతులు చూపించేవాడు. నాగులమ్మ ఉన్నవన్నీ మూరకొకటి నాటుకుంటూ వచ్చింది, నాలుగు వేళ్ల లోతున, కన్ను పైకి ఉండేలా. గొట్టం వైపు కొసన పద్దెనిమిది మూరలు ఖాళీగా మిగిలాయి. అంతకు ముందే ఒక కంకర బండి వచ్చి, ఆ పక్కనే కుప్ప పోసి పోయింది.

అయిదో రోజు బండి ఆగగానే గార్డు పెట్టెలోంచి ఈదమ్మే దిగింది, నెత్తి మీద గోనె సంచితో. దించి, నడుము మీద చేతులు వేసుకొని నిలబడింది.

"ఏమే, నాకు పిలుపు లేదు. అందరికి చెప్పినట్టు నాకు గూడ చెప్పి పంపుతవా? నేను నీ వియ్యపురాల్ని. పసుపు కుంకుమ తీస్కోని నువ్వే రావాల్నా వద్దా?"

"నువ్వు నా కోడిని తిన్నవు."

"తిన్న. రుచి గూడ మంచిగున్నది. ఇప్పుడు నీ బిడ్డను తీస్కోని వచ్చిన. తీసుకుంటవా, ఎనకకు తోల్కపోవాల్నా?"

నాగులమ్మ కొంగు పట్టింది. ఈదమ్మ ఆ కొంగులో గడ్డలు పెట్టి, గేటు దగ్గరి మట్టి పోసి, మీద ఒక కోడిగుడ్డు పెట్టింది. పద్దెనిమిదికి ఇరవై రెండు తేలాయి. అదనంగా ఉన్న నాలుగింటినీ నాగులమ్మ స్టేషన్ గుమ్మం దగ్గర నాటింది. దాంతో దశరథం తొలిసారి నవ్వాడు.

పిలకలు వారం రోజులు ముఖం వేలేసుకున్నాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే ఆకు చుట్ట విప్పింది. శ్రావణంలో మోకాలెత్తు, భాద్రపదంలో నడుమెత్తు. దసరాకు మొగ్గ కనిపించింది. దసరా పోయిన వారానికి గట్టు ఈ కొస నుంచి ఎర్రబారడం మొదలుపెట్టి, రోజుకు పది మూరల చొప్పున అటు నడిచింది. బండి ఆగితే జనం ఈ వైపు కిటికీలకే ఎగబడేవారు. తంగెడుకుంట నిమిషం స్టేషన్. ఆ నెలలో బండ్లు మూడు నిమిషాలు ఆగేవి, డ్రైవర్లు నీళ్ల గొట్టం సరిగ్గా లేదని సాకు చెప్పేవారు.

కొసన ఈదమ్మ పిలకలు మాత్రం మొగ్గ విప్పలేదు. అవి తనిఖీకి రెండు రోజుల ముందు విప్పాయి. పసుపు. ఎర్రటి చుక్కలు చల్లినట్టున్న పసుపు. దశరథం తల పట్టుకున్నాడు. నాగులమ్మ కడుపు పట్టుకొని నవ్వింది. "దొంగముండ! ఇంకో స్టేషన్ల గూడ సంబంధం కలుపుకున్నది!"

తనిఖీ బండి పదకొండు గంటలకు వచ్చింది. పెద్దాఫీసరు పెట్టె సరిగ్గా ఆ పసుపు పూల ముందే ఆగింది. ఆయన దిగి, టోపీ తీసి, ఎర్ర వరస పొడుగునా ఒకసారి నడిచి వెనక్కి వచ్చాడు. గడియారం వైపు చూడలేదు, రిజిస్టర్లు అడగలేదు.

"ఇవి ఏ తోట నుంచి తెప్పించిన్రు? హైదరాబాదా?"

దశరథం ఒక అడుగు ముందుకు వేశాడు. "సార్, మా స్టేషన్ సిబ్బంది శ్రమించి..."

"సిబ్బంది కాదండీ!" అని కంచె అవతలి నుంచి కేక వచ్చింది. హనుమాయమ్మ పట్టుచీర కట్టుకొని నిలబడి ఉంది. "ఒక్క చెట్టు ఉంటే దాన్ని కోసి నాగులమ్మ నాటబోయింది. సగం నేను వండేశాను. మా వాడు తిన్నాడు కూడా. అయినా ఆ పిల్ల ఏడు ఊళ్ల నుంచి తెప్పించి మళ్లీ నాటింది. మా వాడు చెప్పడు, సిగ్గు."

దశరథం పూల వంక చూస్తూ నిలబడ్డాడు, పూలకంటే ఎర్రగా. పెద్దాఫీసరు నవ్వు ఆపుకోవడానికి టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. "నాగులమ్మ ఎవరు?"

గొట్టం చాటు నుంచి నాగులమ్మ వచ్చింది. చేతులకు మట్టి. దండం పెట్టబోయి, చేతులు చూసుకొని, వెనక్కి పెట్టుకుంది.

"వచ్చే ఎండాకాలం నీళ్లు లేకపోతే ఏం చేస్తవమ్మా?"

"ఏడు గేట్లు ఉన్నయి సారూ. అన్ని సోట్ల ఒక్కసారే ఎండదు గద. ఈడ ఎండితె ఆడికెల్లి వస్తయి, ఆడ ఎండితె ఈడికెల్లి పోతయి."

ఆయన ఆ మాటను పక్కనున్న గుమాస్తా చేత రాయించాడు. కంకర కుప్ప వైపు వేలు చూపించి, "ఇది తీసేయండి," అన్నాడు. అంతే. ఆ కంకర పక్క స్టేషన్‌కు పోయింది.

సంక్రాంతి పోయాక కాగితం వచ్చింది. దశరథం ప్లాట్‌ఫారం మీద నిలబడి పైకి చదివాడు: "నాగులమ్మ, భర్త బక్కయ్య, మాలి, తంగెడుకుంట స్టేషన్." బక్కయ్య సుత్తె నేల మీద పెట్టి, భార్యకు ఉత్తుత్తి సలాము కొట్టాడు. వేలిముద్ర వేయమంటే మొదటిసారి ముద్ర పడలేదు, వేలి గీతల నిండా మట్టి. కడుక్కొని వచ్చి వేసింది. ఆ కాగితం మీద ఇప్పటికీ రెండు ముద్రలు ఉన్నాయి, ఒకటి మట్టిది, ఒకటి సిరాది. మనవలెవరైనా రైలు నౌకరీ సంగతి ఎత్తితే, "నాకు రెండు ముద్రలు పడ్డయి బిడ్డా, మీ తాతకు ఒక్కటే," అనేది.

మరుసటి ఆషాఢంలో ఆమె గట్టు తవ్వింది. వచ్చిన ప్రతి బిడ్డకూ జోడీగా ఇంకొకటి చేర్చి, ఏడు గేట్లకూ తిప్పి పంపింది. ఈదమ్మకు తానే బండెక్కి, పసుపు కుంకుమతో, ఒక కోడిపెట్టను చంకన పెట్టుకొని వెళ్లింది. తిరిగి వచ్చి చూస్తే గట్టు దగ్గర హనుమాయమ్మ కొంగు పట్టుకొని నిలబడి ఉంది.

"నాకూ ఒకటి పెట్టవే. వాకిట్లో వేసుకుంటాను."

"వండవు గద?"

"మా దశరథం మీద ఒట్టు."

నాగులమ్మ ఏరి ఏరి పసుపు పిలకను ఆ కొంగులో పెట్టి, రెండు దోసిళ్ల మట్టి పోసింది. తన కొంగు ముందుకు చాపింది. పద్ధతి పద్ధతే. హనుమాయమ్మ లోపలికి పోయి, ఒక సీసా తెచ్చి, దోసెడు వరుగులు ఆ కొంగులో వంచింది. నిరుటివి.

నాగులమ్మ ఒకటి తీసి నోట్లో వేసుకుంది. సాయంత్రం ప్యాసింజరు వచ్చి వెళ్లేదాకా నములుతూనే ఉందట.